తాగి కొట్టే భర్తతో కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లాలా?

సిరిమల్లె:
మా చెల్లి భర్త తాగొచ్చి చెయ్యి చేసుకుంటాడు. తాగని రోజు మాట కూడా గట్టిగా అనడు. "ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లండి, కాపురం నిలబడుతుంది" అంటున్నారు పెద్దవాళ్లు. నాకు మనసొప్పట్లేదు. మీరేమంటారు?

గోదారి గట్టు:
వెళ్లాలండి. తాగుడు మాన్పించడానికి భార్యాభర్తలకు కలిపి చేసే థెరపీ ఉంది. అమెరికాలో టిమొతీ ఒఫారెల్ అనే సైకాలజిస్టు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. రోజూ ఒక వేళకి ఇద్దరూ కూర్చుంటారు. "ఈ రోజు తాగను" అని భర్త చెప్తాడు, భార్య సంతోషమంటుంది. డాక్టరు డైసల్ఫిరామ్ (వేసుకున్నాక తాగితే ఒంటికి పడని మందు) రాసి ఉంటే ఆవిడ ఎదురుగా వేసుకుంటాడు. పాత గొడవలు అప్పుడు ఎత్తరు. తాగుడు మానేసిన ఇళ్లలో కొట్టడం కూడా బాగా తగ్గిందని ఆ అధ్యయనాల్లో తేలింది.

వేపచెట్టు:
గట్టుగారూ, మీరు చెప్పింది నిజమే. కానీ దెబ్బలు తీవ్రంగా ఉన్నా, భార్య భయపడుతున్నా ఆ థెరపీ మొదలుపెట్టకూడదని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క మనకెవరూ చెప్పరు.

నాకు జరిగింది చెప్తాను. కౌన్సెలర్ మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి "ఇంట్లో ఎలా ఉంటున్నాడమ్మా?" అని అడిగింది. నమ్మి చెప్పాను. ఆయన తలొంచుకుని విన్నాడు. బండి మీద ఇంటికొచ్చేదాకా ఒక్క మాట లేదు. తలుపు గడియ పెట్టాక "అక్కడ బాగా మాట్లాడావే" అన్నాడు. ఆ రాత్రి ఆయన చుక్క తాగలేదు. అయినా కొట్టాడు. తాగుడొక్కటే కారణమని అంతవరకూ నన్ను నేను సముదాయించుకున్నాను.

2005 గృహహింస చట్టం 14వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ కౌన్సెలింగ్‌కు విడివిడిగానైనా, కలిపైనా పంపొచ్చు. కొట్టినందుకు సాకులు అక్కడ చెప్పనివ్వకూడదని 2006 నిబంధనల్లో ఉంది. నన్ను మాత్రం "నువ్వేమన్నావ్, ఆయనకి కోపం ఎందుకొచ్చింది?" అనే అడిగారు. అలా అడిగితే లేచి వచ్చేయమనండి మీ చెల్లిని.

ముందు మీ చెల్లి భర్త మానసిక వైద్యుడి దగ్గర తాగుడికి విడిగా చికిత్స తీసుకోవాలి. మీ చెల్లి ఒంటరిగా కౌన్సెలర్‌ని కలవాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్ వివరాలు చెప్తారు. ఆయన నిలకడగా మానేశాక, తనకి భయం పోయాక, తనే అడిగితే అప్పుడు కలిసి కూర్చోవచ్చు. ఇంకో మాట, డైసల్ఫిరామ్‌ని కూరలో కలిపి పెట్టమని ఎవరైనా చెప్తే వినొద్దు. తెలియక పైన తాగితే ప్రాణం మీదకొస్తుంది.

గోదారి గట్టు:
భయం సంగతి నేను ఆలోచించలేదండి. ముందు చెల్లెలిని అడగండి సిరిమల్లెగారూ.

సిరిమల్లె:
అడిగాను. చాలాసేపు చీర చెంగు మెలిపెడుతూ కూర్చుంది. "ఆయన పక్కనుంటే అంతా బాగానే ఉందనే చెప్తానక్కా" అంది. సోమవారం మేమిద్దరమే వెళ్తున్నాం.