కోబాల్ట్ టంగ్‌స్టేట్: అడుగుకు దిగినది మడ్డా, అవక్షేపమా?

పర్లాకిమిడి నుంచి:

పెద్దలకు నమస్కారం. పదో తరగతి దాకా ఒడియా మాధ్యమంలో చదివి, ఇప్పుడు డిగ్రీలో రసాయన శాస్త్రం తీసుకున్న మన తెలుగు పిల్లల కోసం ప్రయోగాలను తెలుగులో రాసిపెడుతున్నాను. కోబాల్ట్, టంగ్‌స్టన్, ఆక్సిజన్ కలిసిన లవణమైన కోబాల్ట్ టంగ్‌స్టేట్ తయారీ దగ్గర కలం ఆగింది. సోడియం టంగ్‌స్టేట్ ద్రావణానికి రంగు ఉండదు. అందులో గులాబీ రంగు కోబాల్ట్ క్లోరైడ్ ద్రావణాన్ని పోస్తే చిక్కగా ఊదా రంగు పదార్థం పుట్టి అడుగుకు దిగుతుంది. పుస్తకాలు దాన్ని అవక్షేపం అంటాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. 'మడ్డి' అని రాశాను. తప్పా?

సిరొంచ నుంచి:

తప్పేమీ లేదు. ప్రాణహితకు కొత్త నీరు వచ్చినప్పుడు బిందెలో చిల్లగింజ అరగదీసి వదిలేస్తే, తెల్లవారేసరికి పైన తేట, అడుగున మడ్డి. ఈ మాట తెలియని తెలుగువాడు ఉండడు. రసాయన శాస్త్రానికి వేరే మాట ఎందుకు?

బరంపురం నుంచి:

మడ్డి అంటే నాకు నూనె డబ్బా అడుగే గుర్తుకొస్తుంది. ఊదా రంగులో మెరిసే దాన్ని అలా పిలవడానికి మనసొప్పడం లేదు. ఇంతకన్నా నా దగ్గర వాదన లేదు.

రాయగడ నుంచి:

సిరొంచ మిత్రుడి బిందె ఉదాహరణ చక్కగా ఉంది, కానీ అది ఆయన వాదననే దెబ్బతీస్తోంది. బిందెలో మట్టి ముందునుంచీ ఉంది. నీటిలో కరగకుండా తేలుతూ ఉంది, చిల్లగింజ దాన్ని కూడగట్టి కిందికి దించింది, అంతే. కోబాల్ట్ టంగ్‌స్టేట్ అలా కాదు. రెండు సీసాల్లో ఏ ఒక్కదానిలోనూ అది లేదు. ఒకదానిలో కోబాల్ట్ అయాన్లు, ఇంకోదానిలో టంగ్‌స్టేట్ అయాన్లు పూర్తిగా కరిగి ఉన్నాయి. అవి కలిశాక పుట్టిన లవణం నీటిలో కరగదు కాబట్టి కిందికి వచ్చింది. మిగిలిన సోడియం, క్లోరైడ్ నీటిలోనే ఉండిపోయాయి.

ఇంకో చిక్కు. మన వాడుకలో తేట మంచిది, మడ్డి పారబోసేది. ఈ ప్రయోగంలో లెక్క తలకిందులు. పారబోయాల్సింది తేటనే. మడ్డి అని రాస్తే, మొదటిసారి చేసే పిల్లవాడు సరుకంతా తొట్టిలో పోసి తేటను భద్రంగా దాచినా ఆశ్చర్యపడను.

గిడుగు వారి పోరాటం జనం వాడని మాటలను నెత్తిన రుద్దడం మీద. మీ పిల్లలు బడిలో ఒడియాలో 'అవక్షేప' అనే మాట వినే వచ్చారు. సిరొంచ, కిన్వట్ వైపు మరాఠీ బడుల్లోనూ అదే మాట. 'అవ' అంటే కిందికి, 'క్షేపం' అంటే పడవేయడం. సరిహద్దుకు రెండు వైపులా చెల్లే నాణేన్ని మనమే రద్దు చేసుకోవడం దేనికి?

నామవాచకం సంస్కృతానిదైనా క్రియలు మనవే ఉండనివ్వండి. నేనైతే ఇలా రాస్తాను: "రెండు ద్రావణాలను సమాన మోల్‌లలో తీసుకుని, ఒకదానిలోకి ఇంకోదాన్ని కొద్దికొద్దిగా పోస్తూ కలియబెట్టాలి. అవక్షేపం దిగాక పైతేటను వంచేయాలి. మంచినీళ్లు కాదు, స్వేదనజలం పోసి కడిగి మళ్లీ వంచాలి. కడిగిన నీటిని రెండు చుక్కలు పరీక్షనాళికలోకి తీసుకుని సిల్వర్ నైట్రేట్ వేసి చూడాలి. తెల్లగా మబ్బు కమ్మితే క్లోరైడ్ ఇంకా పోలేదు, మళ్లీ కడగాలి. కమ్మకపోతే వడకట్టి ఆరబెట్టాలి." వంచడం, కడగడం, మబ్బు కమ్మడం, వడకట్టడం, ఆరబెట్టడం. వీటిలో ఒక్కదానికైనా నిఘంటువు తీయాలా?

ద్రావణం ఆమ్లం వైపు మొగ్గకుండా చూడమని కూడా రాయండి. ఆమ్లం బాగా ఎక్కువైతే పసుపు రంగు టంగ్‌స్టిక్ ఆమ్లం దిగుతుంది. క్షారం ఎక్కువైతే కోబాల్ట్ హైడ్రాక్సైడ్ చేరి సరుకు పాడవుతుంది. తటస్థానికి దగ్గరగా ఉంచితే గొడవ లేదు.

పర్లాకిమిడి నుంచి:

మడ్డిని కొట్టేశాను. మరి ఆరబెట్టాక 500, 600 డిగ్రీల దగ్గర వేడిచేయడాన్ని 'భస్మీకరణం' అనాలా?

రాయగడ నుంచి:

ఇక్కడ మాత్రం పుస్తకం మాట వినకండి. ఖనిజాల నుంచి లోహాలు తీసే ధాతుశోధనలో ఆ పదం స్థిరపడింది, ఉండనివ్వండి. మీ మూసలో బూడిదయ్యేది ఏదీ లేదు. అవక్షేపంలో చిక్కుకున్న నీరు పోతుంది, చిందరవందరగా ఉన్న అయాన్లు వరుసలు కడతాయి, రంగు ఊదా నుంచి నీలం వైపు తిరుగుతుంది. 'కొలిమిలో కాల్చి స్ఫటికంగా మార్చాలి' అంటే విషయమంతా వచ్చేసింది.

బల్లార్‌షా నుంచి:

మా విదర్భలోనే, నాగపూర్ జిల్లా కుహీ, ఖోబ్నా దగ్గర టంగ్‌స్టన్ ఖనిజం ఉంది. రాతిలో ఉన్నదీ ఇదే పదార్థమా?

రాయగడ నుంచి:

ఇదే కాదు, దగ్గరి చుట్టాలు. అక్కడి రాళ్లలో షీలైట్, వుల్‌ఫ్రమైట్ రెండూ ఉన్నాయి. షీలైట్ కాల్షియం టంగ్‌స్టేట్. వుల్‌ఫ్రమైట్‌లో కాల్షియం స్థానంలో ఇనుము, మాంగనీస్ ఉంటాయి. ఆ రెండూ ఏ పాళ్లలోనైనా కలుస్తాయి. మన కోబాల్ట్ టంగ్‌స్టేట్ కొలిమిలోంచి బయటికి వచ్చాక వుల్‌ఫ్రమైట్ అమరికలోనే ఉంటుంది. అమరికలో తేడా అయాను పరిమాణంతో వస్తుంది. కాల్షియం పెద్దది కాబట్టి షీలైట్‌లో టంగ్‌స్టన్ చుట్టూ నాలుగే ఆక్సిజన్‌లు. కోబాల్ట్, నికెల్, ఇనుము, మాంగనీస్ చిన్నవి కాబట్టి వుల్‌ఫ్రమైట్‌లో ఆరు. రాగి కూడా చిన్నదే, కానీ దాని చుట్టూ ఉండే ఆక్సిజన్‌లు సమదూరంలో ఉండవు, అందుకే రాగి టంగ్‌స్టేట్ స్ఫటికం కాస్త ఒరిగిపోతుంది. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, 'ఒరగడం' చాలదు, 'వక్రత' కావాలి అనేవాళ్లు అప్పుడే తయారవుతారు.