పాత సైకిళ్లు కంటైనర్లో ఆఫ్రికాకి పంపితే మేలా, కీడా?

ఎడిసన్_గ్యారేజీ

నేనుండేది న్యూజెర్సీలో. మా కాలనీలో పెద్ద సామాన్లు పారేసే రోజు వచ్చిందంటే రోడ్డు పక్కన సైకిళ్లు పడి ఉంటాయి. పిల్లలు ఎదుగుతారు, సైకిల్ చిన్నదైపోతుంది, తెచ్చి బయట పెట్టేస్తారు. బ్రేకులు బాగా పట్టేవి, చైను తుప్పు పట్టనివి కూడా చెత్తబండి ఎక్కేస్తాయి. గుంటూరు జిల్లాలో రోజూ ఆరు కిలోమీటర్లు నడిచి హైస్కూలుకి వెళ్లినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోయాను. రెండేళ్లుగా ఒక్కోటీ తెచ్చి గ్యారేజీలో పెడుతున్నాను. ఇప్పటికి 38 అయ్యాయి.

ఇక్కడ పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్ అనే సంస్థ ఉంది. పాత సైకిళ్లు సేకరించి కంటైనర్లలో పేద దేశాలకి పంపుతారు, 1991 నుంచి ఇదే వాళ్ల పని. అమెరికా ప్రభుత్వ వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ తరఫున ఈక్వడార్‌లో పనిచేసి వచ్చిన డేవిడ్ ష్వైడెన్‌బ్యాక్ మొదలుపెట్టారు. అక్కడ ఆయన ఉన్న ఇంటి యజమాని వడ్రంగి. సైకిల్ ఉండబట్టి ఆ వడ్రంగికి దూరపు పనులు కూడా దొరికేవట, మిగతావాళ్లు నడిచి వెళ్లలేక వదులుకునేవి. ఆ సంగతి చదివినప్పటి నుంచి నా సైకిళ్లు వీళ్లకే ఇవ్వాలనుకున్నాను. రవాణా ఖర్చుకి కొంత డబ్బు కూడా అడుగుతారు, అదీ ఇస్తాను.

ఈలోగా ఒక స్నేహితుడు "నీ ఇంట్లో చెత్త వాళ్ల నెత్తిన పోస్తున్నావు, అక్కడి వ్యాపారాలు దెబ్బతీస్తున్నావు" అన్నాడు. వారం నుంచి అదే మాట బుర్రలో తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లిలాంగ్వే_నుంచి

మలావీలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, హార్డ్‌వేర్ దుకాణం. మీ స్నేహితుడు కటువుగా అన్నాడు గానీ అందులో సగం నిజం ఉందండీ.

ఇక్కడ కబాజా అని సైకిల్ టాక్సీ నడుస్తుంది. వెనక క్యారియర్ మీద మెత్త వేసి మనిషిని కూర్చోబెట్టుకుని తొక్కుతారు. సైకిళ్ల మీదే మొక్కజొన్న బస్తాలు, కట్టెలు, బొగ్గు మూటలు. మూటలు మనిషి కన్నా ఎత్తుగా కట్టుకుని వాలులో దిగుతుంటే చూసేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. ఆ బరువుకి కావలసింది మన పాలవాళ్లు క్యాన్లు తగిలించుకుని తొక్కిన నల్ల సైకిల్ లాంటిది. మందపాటి ఫ్రేము, 28 అంగుళాల చక్రం, రాడ్డు బ్రేకులు. గోళీలు అరిగినా, స్పోకు తెగినా ఏ చెట్టు కిందైనా బాగుచేయించుకోవచ్చు.

మీ గ్యారేజీలోవి చాలావరకు సూపర్‌మార్కెట్లో కొన్న గేర్ల సైకిళ్లు అయ్యుంటాయి. ముందు స్ప్రింగులు, సన్నటి ఫ్రేము. కొన్నిటికి క్యారియర్ బిగించడానికి బెజ్జాలే ఉండవు. టైర్లతో ఇంకా తంటా. 26 అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, 26 × 1⅜ టైరు 26 × 2.125 రిమ్ముకి పట్టదు. ఇక 24, 27.5, 29, 700సి వేరే. మా దుకాణం పక్క మెకానిక్ దగ్గర అలా వచ్చినవి ఏడెనిమిది మూలన పడున్నాయి. వెనక గేరు మార్చే భాగం విరిగితే ఇక్కడ కొత్తది దొరకదు, ఇంకో సైకిల్ నుంచి పీకాలి. అలా పీకగా పీకగా చివరికి మిగిలేది పాత ఇనుము.

ఇంకో సంగతి, మలావీకి సముద్రం లేదు. కంటైనర్ మొజాంబిక్‌లోని బైరా రేవులోనో టాంజానియాలోని దారెస్సలాంలోనో దిగి, అక్కణ్ణించి వందల కిలోమీటర్లు లారీ మీద రావాలి.

లెక్కల_తమ్ముడు

నేను ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఈ విషయం మీద కొంత చదివాను. సైకిల్ వల్ల మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకి జవాబు తేలిపోయింది. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోమని 2,000 రూపాయలు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ పరిశీలిస్తే ఆ వయసు ఆడపిల్లల బడి చేరికలు 32 శాతం పెరిగాయి, అబ్బాయిలకీ అమ్మాయిలకీ మధ్య తేడా 40 శాతం తగ్గింది. జాంబియాలో చేసిన అధ్యయనంలో సైకిల్ అందిన అమ్మాయిల గైర్హాజరు 28 శాతం తగ్గింది. బడికి వెళ్లే సమయంలో మూడో వంతు కలిసొచ్చింది.

కానీ ఒక్కటి గమనించండి. ఈ రెండు చోట్లా ఇచ్చింది పారేసిన సైకిల్ కాదు. బీహార్ పిల్లలు తమ ఊరి దగ్గరి షాపులో కొత్తది కొనుక్కున్నారు. జాంబియాలో వరల్డ్ బైసికల్ రిలీఫ్ వాళ్ల బఫెలో సైకిళ్లు. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో సైకిళ్లు పంచడంతో మొదలైన సంస్థ అది. బఫెలో బరువు సుమారు 23 కిలోలు, 100 కిలోలు మోస్తుంది, అంతటా ఒకే నమూనా, విడిభాగాలు అక్కడే అమ్ముతారు. కంటైనర్ కిరాయికి పెట్టే వేల డాలర్లు అలాంటి వాటికి ఇవ్వండి.

వ్యాపారాలు దెబ్బతినడం గురించి కూడా ఆధారముంది. గార్త్ ఫ్రేజర్ 2008లో రాసిన పరిశోధన ప్రకారం ఆఫ్రికాలో దుస్తుల తయారీ పడిపోవడానికి దాదాపు 40 శాతం కారణం పాత బట్టల దిగుమతే.

ఎడిసన్_గ్యారేజీ

తమ్ముడూ, బట్టల పోలిక నాకు సరిగా లేదనిపిస్తోంది. అక్కడ బట్టల మిల్లులు ఉండేవి, మూతపడ్డాయి. లిలాంగ్వే అన్నగారూ, మీ దగ్గర సైకిల్ ఫ్యాక్టరీ ఉందా?

లిలాంగ్వే_నుంచి

నాకు తెలిసి లేదు. నేను చూసేవన్నీ ఇండియా నుంచీ చైనా నుంచీ వచ్చేవే. ఆ మాట ఒప్పుకుంటాను. పాత సైకిల్ వల్ల ఇక్కడ కార్మికుడి ఉద్యోగం పోదు. దిగుమతిదారుకి నాలుగు సైకిళ్లు తక్కువ అమ్ముడవుతాయి, మెకానిక్‌కి మాత్రం పని పెరుగుతుంది. నా బాధ ఆ మెకానిక్ చేతికి ఏం ఇస్తున్నాం అన్నదే.

సింగపూర్_వాసి

2018లో ఇక్కడ అద్దె సైకిళ్ల కంపెనీ ఓబైక్ ఎత్తేసింది, తర్వాత ఓఫో. పేవ్‌మెంట్ల మీద గుట్టలు గుట్టలుగా సైకిళ్లు, తుక్కుకి పంపడమే అనుకున్నాం. మయన్మార్‌కి చెందిన మైక్ థాన్ టున్ విన్ అనే వ్యాపారి సింగపూర్, మలేషియాల్లో మిగిలిన అలాంటివి 10,000 కొని 2019లో తన దేశానికి పంపాడు. కంపెనీ తాళం తీసేసి మామూలు తాళం పెట్టించాడు, వెనక సీటు బిగించాడు, రెండు కిలోమీటర్లకి పైగా నడిచి బడికి వెళ్లే పేద పిల్లలకి ఇచ్చాడు.

అవి పాతవే. కానీ వేల సంఖ్యలో ఒకే నమూనా. ఒకటి పాడైతే ఇంకోదాని భాగం అచ్చంగా సరిపోతుంది. కాబట్టి తమ్ముడూ, గొడవ పాతా కొత్తా కాదు, కలగాపులగంగా పంపడం.

తెనాలి_అమ్మాయి

మా నాన్నది సైకిల్ షాపు, 41 ఏళ్లు నడిపారు. చిన్నప్పటి నుంచి ఓవరాలింగ్ కిరోసిన్ వాసనలో పెరిగాను, అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

ప్రభుత్వం ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చినప్పుడు మా షాపుకి వరసకట్టేవాళ్లు. కొత్త సైకిళ్లే. నెల తిరక్కుండా స్పోకులు వదులై రిమ్ము బెండు వచ్చేది, పెడల్ ఊడేది. లారీలో వచ్చినవి హడావుడిగా బిగించి ఇస్తే అంతే కదా. నాన్న ఆ పిల్లల దగ్గర ట్యూబు, గోళీల డబ్బులే తీసుకునేవారు, చేతి కూలి తీసుకునేవారు కాదు. పక్క ఊళ్లో షాపు లేదు. అక్కడ ఎన్ని సైకిళ్లు పశువుల పాకలో చేరాయో ఆయనకి తెలుసు, ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆగి చూసొచ్చేవారు. కొత్తదైనా పాతదైనా, దగ్గర్లో ఎవరో ఒకరు స్పానర్ పట్టుకుని కూర్చుని ఉండాలండీ. ఎడిసన్ గారూ, మీరు ఇవ్వబోయే చోట షాపు ఉందా అని అడిగారా?

ఎడిసన్_గ్యారేజీ

అడగలేదమ్మా. నిన్న కూర్చుని చదివాను. పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్ వాళ్లు ఊరికే పంచరు. అక్కడి భాగస్వామి సంస్థ బాగుచేసి తక్కువ ధరకి అమ్ముతుంది, ఆ డబ్బుతో షాపు నడుస్తుంది. ఘానాలో విలేజ్ బైసికల్ ప్రాజెక్ట్ అని ఉంది. అక్కడ ఒకరోజు రిపేరు నేర్చుకున్నవాళ్లకి సగం ధరకి సైకిల్ ఇస్తారు. నమీబియాలో బెన్ అనే సంస్థ సైకిళ్లు తెచ్చిన కంటైనర్‌నే షాపుగా మార్చి స్థానికులకి పని నేర్పింది. ఇది నాకు చాలా నచ్చింది.

లెక్కల_తమ్ముడు

బెన్ పద్ధతి మంచిదే. అయినా నా మాట మార్చుకోను అన్నా. బడి పిల్లకి కావలసింది రేపు ఉదయం కచ్చితంగా నడిచే సైకిల్. అది కొత్తదే, ఒకే నమూనాదే కావాలి. పాతవి షాపుకి సరుకుగా పనికొస్తాయి, పెద్దవాళ్లు చూసుకుని బేరమాడి కొనుక్కుంటారు. పిల్లల పేరు చెప్పి పాతవి పంపొద్దు.

లిలాంగ్వే_నుంచి

తమ్ముడు చెప్పింది నాకు సబబుగా ఉంది. ఎడిసన్ గారూ, ఇవ్వదలుచుకుంటే ముందు ఏరండి. 26 అంగుళాల లావు టైరు మౌంటెన్ సైకిళ్లు, స్ప్రింగులు లేనివి, పక్కన పెట్టండి. వాటి టైర్లు ఇక్కడ దొరుకుతాయి. పసిపిల్లలవి అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. సన్నటి వాల్వు ఉన్న రేసు సైకిళ్లు అస్సలు వద్దు, మా దగ్గర ఆ ట్యూబులు లేవు. కారు వాల్వు ఉంటే ఏ పెట్రోల్ బంకులోనైనా గాలి కొట్టించుకుంటారు. పంపే వాటితో పాటు బ్రేకు రబ్బర్లు, చైన్లు, స్పానర్లు వేయించండి. మీ దగ్గర అవి ఎన్ని తేలతాయి?

ఎడిసన్_గ్యారేజీ

పొద్దున్నే మా అబ్బాయితో కలిసి అన్నీ బయట పెట్టి చూశాను. మీరు చెప్పిన రకం 14. సన్నటి వాల్వువి 11, అవి ఈ ఊళ్లోనే అమ్మి ఆ డబ్బుతో చైన్లు కొంటాను. పసిపిల్లలవి 9. మిగతా 4 స్ప్రింగులవి. వాటిని విప్పితే పనికొచ్చే భాగాలు ఏమిటో తెనాలి అమ్మాయి గారూ, నాన్నగారిని అడిగి చెప్పగలరా?

తెనాలి_అమ్మాయి

ఫోటోలు పెట్టండి. నాన్న పక్కనే ఉన్నారు, కళ్లజోడు తెచ్చుకుంటున్నారు.