ఫోస్టర్ కేర్ పిల్లలతో ఆరోగ్య సర్వే: సంతకం ఎవరితో పెట్టించాలి?

ప్రశ్న:
నమస్తే అండి. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో ఏడాది చదువుతున్నా. ఫోస్టర్ కేర్‌లో, అంటే కన్నవాళ్ళు కాని వేరే కుటుంబం దగ్గర కొంతకాలం పెరుగుతున్న 13–17 ఏళ్ళ పిల్లల నిద్ర, తిండి, టెన్షన్ మీద థీసిస్. పెంచుతున్న అమ్మానాన్నల సంతకం చాలనుకుని ఫారాలు ప్రింట్ కూడా తీయించా, పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపేసింది. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? పైగా మా గైడ్ ప్రశ్నలు తయారుచేసేటప్పుడే పిల్లల్ని కలుపుకోమంటున్నారు, అదెలాగో తెలియట్లేదు.

జవాబు:
వెనక్కి పంపడమే మంచిదైంది తమ్ముడూ. బాలసదనంలో కౌన్సెలర్‌గా పనిచేశాను, అందుకే చెప్తున్నా. ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద బాలల సంక్షేమ సమితి, అదే మనం సీడబ్ల్యూసీ అంటామే, అది ఆర్డర్ ఇస్తేనే బిడ్డ ఆ ఇంటికి వెళ్తుంది. కన్నవాళ్ళు ఎక్కడో బతికే ఉండొచ్చు కూడా. ముందు జిల్లా బాలల సంరక్షణ అధికారిని కలిసి, సీడబ్ల్యూసీకి అర్జీ పెట్టి, ఏ బిడ్డకు ఎవరు సంతకం పెట్టాలో కాగితం మీదే రాయించుకోండి. పెద్దలు ఒప్పుకున్నా పని అయిపోదు, 12 దాటిన పిల్లలు తమ ఇష్టాన్ని తామే రాసివ్వాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి.

ఇంకోటి, "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పం" అని ఫారంలో రాయకండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం కింద మీరు రిపోర్ట్ చేసి తీరాలి, ఆ మాట పిల్లలకు ముందే తెలియాలి. థీసిస్‌లో ఫొటోలు, స్కూలు పేర్లు అసలొద్దు.

జవాబు:
నేను తొమ్మిదో క్లాసు నుంచి ఫోస్టర్ ఇంట్లోనే పెరిగా. ఒకసారి స్కూల్లో ఇలాంటి సర్వేనే పెట్టారు. మొదటి పేజీలోనే "మీ వంశంలో ఎవరికైనా షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నాయా?" అని, ఒక్కో జబ్బుకీ ఒక్కో గడి. అన్నిట్లోనూ "తెలీదు" అని రాసి పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నా. సర్వేకొచ్చిన అక్క మంచిదే పాపం, "ఫర్లేదమ్మా, ఇంట్లో అమ్మని అడిగి రేపు రాయి" అంది. ఏ అమ్మని?

అందుకే ముందు మాలాగా 18 దాటి బయటికొచ్చిన నలుగురైదుగుర్ని కూర్చోబెట్టండి, మా సంతకం మేమే పెట్టుకుంటాం. ప్రశ్నలన్నీ చదివి ఏది గుచ్చుకుంటుందో చెప్తాం. బస్సు చార్జీ, భోజనం, ఆ రోజు పని పోతే ఆ డబ్బూ ఇవ్వండి, "మీ అనుభవం చాలా విలువైనది" అని సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపొద్దు. పెంచిన అమ్మ పక్కన ఉండగా నిద్ర పడుతోందా అని అడిగితే ఎవరైనా పడుతోందనే అంటారు, అది గుర్తుంచుకోండి. వద్దంటే ఈ ఇంట్లోంచి పంపించేస్తారేమో అన్న భయం కూడా ఉంటుంది. ఒప్పుకోకపోయినా ఏమీ మారదని ఆ పిల్లకి విడిగా, ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, ఆ వంశం జబ్బుల పేజీ నా ఫారంలోనూ ఉంది. తీసేస్తున్నా.

జవాబు:
తీసేయక్కర్లేదు తమ్ముడూ. చివరికి జరిపి, మొదటి గడిలోనే "నాకు తెలియదు" అని మీరే అచ్చు వేయించండి. టిక్కు పెట్టి పక్క ప్రశ్నకి వెళ్ళిపోతారు.