ఏళ్ల తర్వాత బడి స్నేహితుణ్ని పలకరించడం ఎలా?

ప్రశ్న: ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఏ గొడవా లేకుండానే ఎందుకు దూరమవుతారు? పదిహేనేళ్ల తర్వాత మెసేజ్ పెట్టాలంటే ఎలా మొదలుపెట్టాలి?

జవాబు 1: గొడవ అక్కర్లేదండీ, టైంటేబుల్ పోతే చాలు. పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు లెక్కగట్టారు. బడిలో రోజుకు ఆరు గంటల చొప్పున అది రెండు నెలల్లోపే అయిపోతుంది. పెద్దయ్యాక నెలకు రెండు గంటలే కలిస్తే ఎనిమిదేళ్లు దాటుతుంది!

జవాబు 2: ఉత్త ‘హాయ్, ఎలా ఉన్నావ్’ పెట్టకండి. అప్పు కోసమో, పాలసీ అమ్మడానికో అనుకుంటారు. మూడు వాక్యాలు చాలు: మీ పేరు, సెక్షన్; మీ ఇద్దరికే తెలిసిన ఒక జ్ఞాపకం; ‘పనేమీ లేదు, గుర్తొచ్చి రాశాను’ అన్న మాట. పాత మారుపేరుతో మాత్రం పిలవద్దు. మీకది ముద్దు, వాళ్లకు ఏడిపింపు అయ్యుండొచ్చు. జవాబు రాకపోతే నెల ఆగి ఇంకొక్కసారి రాయండి, అంతే.

ప్రశ్న అడిగినవారు: మారుపేరు సంగతి తట్టనే లేదు. ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా?

జవాబు 2: ‘నువ్వు’ అనే రాయండి. ‘మీరు’ అంటే మధ్యలో గోడ కట్టినట్టే. ‘ఒరేయ్’ వాళ్ల నోట వచ్చేదాకా ఆగండి.

జవాబు 3: పాత కబుర్లు రెండో ఫోన్‌కాల్‌కే అయిపోతాయి. అక్కడే చాలామంది ఆగిపోతారు. ఇప్పటి పని, నిద్ర, పిల్లలు, విసుగు గురించి అడగండి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపును నమ్ముకోవద్దు, అది గుడ్ మార్నింగ్ బొమ్మలకే సరిపోతుంది.