పిల్లి ఉన్న ఇంట్లో మరాంటా: ఆకుల అంచులు మాడుతున్నాయి, తొట్టెలో గుళికలు వేయొచ్చా?

జున్నువాళ్ళమ్మ, మలికిపురం దగ్గర

అందరికీ నమస్కారమండి. మాది మలికిపురం అవతల పల్లెటూరు, సముద్రానికి దగ్గర. ఇంట్లో జున్ను అని రెండేళ్ళ పిల్లి ఉంది. పచ్చగా ఏది కనపడినా నమలందే దానికి తోచదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

పోయిన సంక్రాంతి ముందు హాల్లోకి రంగుల మొక్క కావాలని ఒక నర్సరీకి వెళ్ళాను. ఇంట్లో పిల్లి ఉందండి, పర్వాలేదా అని అడిగే కొన్నాను. ఇంట్లో పెట్టుకునే మొక్కే కదమ్మా, ఏం కాదు అన్నారు. పెద్ద పెద్ద ఆకుల మీద తెల్లటి మచ్చలు. అది డిఫెన్‌బేకియా అని నాకు తర్వాత తెలిసింది. తెచ్చిన మూడో రోజు పొద్దున్నే జున్ను దాని కాడ కొరికేసింది. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారిపోతోంది. ముందుకాళ్ళతో మూతి రుద్దుకుంటూ గోడవార తిరుగుతోంది. పాలు పోస్తే వాసన చూసి వదిలేసింది. పశువుల డాక్టరు గారు నోరంతా నీళ్ళతో కడిగి మందిచ్చారు. కందలో ఉండే దురదే దీన్లోనూ ఉంటుందమ్మా, ఇంకాస్త మింగి ఉంటే గొంతు వాచేది అన్నారు. తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు. ఇంటికి రాగానే ఆ మొక్కనీ, మెట్ల పక్కన మనీప్లాంటునీ పీకించేశాను.

తర్వాత చాలా వెతికి, పిల్లులకి హాని లేదని రెండు మూడు చోట్ల చదివి, మరాంటా తెచ్చుకున్నాను. ఎర్ర ఈనెల రకం. ముదురాకుపచ్చ ఆకు మధ్యలో లేత నిమ్మరంగు చార, దాని మీద చేపముల్లు పరిచినట్టు ఎర్రటి ఈనెలు. పగలంతా పరుచుకుని ఉంటుంది. దీపాలవేళకి ఒక్కొక్క ఆకే లేచి, రెండేసి చేతులు జోడించినట్టు నిలబడుతుంది. అప్పుడు ఆకుల అడుగువైపు వంకాయరంగు బయటపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ దేవుడి గదిలోంచి వస్తూ ఆగిపోయి, "ఇది కూడా దీపానికి దణ్ణం పెడుతోందే" అంది. ఆ రోజు నుంచి అది మా అమ్మ మొక్క అయిపోయింది.

ఇప్పుడు సమస్య ఏంటంటే, నెల రోజులుగా ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగి అంచుల వెంట మాడుతున్నాయి. కొత్తాకు చుట్టలా వచ్చి సగం విప్పుకుని ఆగిపోతోంది. సాయంత్రం ఆకులు సగమే లేస్తున్నాయి. మట్టి మీద సన్నటి నల్ల ఈగలు ఎగురుతున్నాయి. రోజూ పొద్దున్న ఒక చెంబు బోరు నీళ్ళు పోస్తాను. తూర్పు కిటికీ పక్కన, దోమతెర వెనక ఉంటుంది.

చేలో వేయగా మిగిలిన పురుగుమందు గుళికలు నాలుగు వేస్తే ఈగలూ పోతాయి, మొక్కా కోలుకుంటుంది అంటున్నారు నాన్నగారు. నాకేమో జున్ను గురించి టెన్షన్. అది రోజుకి ఒక ఆకైనా కొరుకుతుంది. ఏం చేయమంటారు?

పులంక అంటుమొక్క, కడియపులంక

అమ్మా, ముందు గుళికల సంగతి. వేయొద్దు. ఆ సంచి ఇంటి గడప కూడా దాటనివ్వొద్దు. వరిలో వేసే గుళికల మందు వేళ్ళలోంచి మొక్కంతా పాకి ఆకులోకి చేరుతుంది. పురుగు ఆకు తిని చావాలనే దాన్ని అలా తయారు చేస్తారు. అదే ఆకు మీ పిల్లి నములుతుంది. మరాంటాలో విషం లేకపోయినా మన చేత్తో మనమే పెట్టినట్టు అవుతుంది. నాన్నగారికి నా మాటగా చెప్పండి, నేనూ రైతు బిడ్డనే.

నేను నర్సరీలో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాను, ఉన్నది దాచను. అమ్మే మొక్కకి మేం మందు కొడతాం. కాబట్టి పిల్లీ కుక్కా ఉన్నవాళ్ళు ఏ మొక్క కొన్నా, మంచి మొక్కయినా సరే, ఇంటికెళ్ళాక ఆకులు రెండు వైపులా మంచినీళ్ళతో కడిగి, పైమట్టి మార్చి, కొన్ని వారాలు వాటికి అందనిచోట ఉంచాలి. ఈ మాట కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఈగలు రోజూ నీళ్ళు పోయడం వల్ల వచ్చినవి. వాటి పిల్లలు తడిసిన పైమట్టిలో బతుకుతాయి. వేలు ఒక కణుపు దాకా దింపి చూడండి, అక్కడ పొడిగా తగిలితేనే నీళ్ళు పోయండి. పసుపు రంగు జిగురు అట్ట ఒకటి తొట్టె పక్కన గుచ్చితే ఎగిరేవి దానికి అంటుకుంటాయి. అంతకు మించి మందేం అక్కర్లేదు.

ఇక మాడడం. మీ ఊరు చెప్పగానే నాకు అనుమానం నీళ్ళ మీదకే పోయింది. తొట్టె అంచున, మట్టి మీద తెల్లటి పొర కట్టిందేమో చూడండి. కడితే అది ఉప్పు. మరాంటా వేళ్ళు సన్నగా, పైపైనే ఉంటాయి. నీళ్ళతో పాటు పీల్చిన ఉప్పు ఆకు కొసదాకా వెళ్తుంది. అక్కడ నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది, అందుకే కొస ముందు మాడుతుంది. కుళాయి నీళ్ళలో వేసే క్లోరిన్, కొన్నిచోట్ల నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ కూడా దీనికి పడవు. మాకిక్కడ కాలవ నీళ్ళు కాబట్టి ఈ బాధ తెలియదు. ఇక్కడ నవనవలాడిన మొక్క సముద్రంవార ఊళ్ళకి వెళ్ళి మాడిపోయిందని ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు.

తాగే నీళ్ళ టిన్ను కొంటారు కదా, ప్రస్తుతానికి ఆ నీళ్ళు పోయండి. ఏసీ ఉంటే దాని గొట్టంలోంచి కారే నీళ్ళు పట్టండి, అందులో ఉప్పుండదు. వానలు పడితే ఇక వాననీళ్ళే. మాడిన అంచు మళ్ళీ పచ్చబడదు, కొత్తాకు చూసి లెక్కపెట్టుకోండి.

దీని పుట్టిల్లు బ్రెజిల్ అడవి. పెద్ద చెట్ల నీడన నేలబారుగా పాకే మొక్క. మన కొబ్బరితోటలో కోకో ఎదిగే నీడ ఉంటుందే, అలాంటి వెలుగు చాలు. తూర్పు కిటికీ మంచిదే, కానీ రోహిణి కార్తెలో ఎనిమిది దాటాక ఎండ నేరుగా తగలనివ్వకండి. సాయంత్రం ఆకు సగమే లేవడం కూడా నీటి తాలూకు గొడవే. ఆకూ కాడా కలిసేచోట చిన్న బుడిపె ఉంటుంది, తడిమి చూడండి. దాని కణాల్లోకి నీరు చేరుతూ పోతూ ఉంటే ఆకు లేస్తుంది, వాలుతుంది. నిద్రగన్నేరు, చింత రాత్రిపూట ఆకు ముడుచుకునేదీ ఇలాగే.

గోదారిగట్టు, పశువైద్యం మూడో ఏడు

అక్కా, జున్ను విషయంలో మీరు ధైర్యంగా ఉండొచ్చు. పెంపుడు జంతువులకి ఏ మొక్కలు పడవో, ఏవి పర్వాలేదో అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ జాబితా పెట్టింది. మరాంటా అందులో పిల్లులకీ కుక్కలకీ విషం కాని వాటిలో ఉంది. దాని చుట్టమైన కలాథియా కూడా. ఆకులు మరీ ఎక్కువ మింగితే గడ్డి తిన్నట్టే ఒకసారి కక్కుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ కక్కినా, తిండి మానేసినా మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మీ డాక్టరు గారు కంద అని చెప్పారు చూడండి, అది గుర్తుపెట్టుకుంటే సగం మొక్కలు మీరే ఏరేయగలరు. కంద, చేమ, డిఫెన్‌బేకియా, మనీప్లాంటు, అగ్లోనిమా, కెలేడియం, పీస్ లిల్లీ అన్నీ ఒకే కుటుంబం. వాటి ఆకుల్లో, కాడల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా కట్టలు కట్టి ఉంటుంది. కొరకగానే ఆ సూదులు నాలుకకీ చిగుళ్ళకీ గుచ్చుకుంటాయి. కంద తరిగితే మన చేతులు ఎలా ఉంటాయో తెలుసు కదా, అది పిల్లి నోట్లో అనుకోండి. రంగుల ఆకులని నర్సరీల్లో ముందు వరసలో పెట్టేవి ఎక్కువగా ఇవే, అక్కడే మోసపోతాం. నిజమైన లిల్లీలు, అంటే దుంప నుంచి వచ్చే లిలియం పూలు, ఇంకా ప్రమాదం. పిల్లి ఒంటి మీద పడిన పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడైపోతాయి. ఎవరైనా గుత్తి తెచ్చి ఇచ్చినా పిల్లి ఉన్న ఇంట్లో ఉంచకండి.

మరాంటా ఆ కుటుంబం కాదు. చిన్నపిల్లలకి విరేచనాలైతే జావ కాచి పోసే పాలగుండ కూడా ఒక మరాంటా దుంప నుంచే తీస్తారు. మీది అదే జాతిలో మరో రకం, మరాంటా లూకోన్యూరా. ఆ పేరుకి తెల్ల ఈనెలని అర్థం. మీది ఎర్ర ఈనెలది కాబట్టి ఎరిత్రోన్యూరా అని ఇంకో పేరు తగిలిస్తారు. ఇంకో మొక్క కొనేటప్పుడు రంగు చెప్పకుండా ఈ పేరు చెప్పి అడగండి.

భీమవరం మేడమీద

జున్ను గారికి వేరే గడ్డి పెంచేయండి. నేను వెడల్పాటి పళ్ళెంలో కొబ్బరి పొట్టు పోసి, గుప్పెడు గోధుమలు నానబెట్టి నారు పోసినట్టు చల్లుతాను. వారం తిరిగేసరికి బెత్తెడు లేస్తుంది. మా రెండు పిల్లులూ దాని చుట్టే తిరుగుతాయి, మొక్కల జోలికి రావడం బాగా తగ్గింది. వారానికో పళ్ళెం చొప్పున మారుస్తూ ఉండాలి.

జున్నువాళ్ళమ్మ

పులంక గారూ, చూశానండి. తొట్టె అంచున గోరుతో గీకితే తెల్లటి పొడి రాలింది. ఇన్నాళ్ళూ సున్నం అనుకున్నాను. ఇంకో మాట చెప్పడం మర్చిపోయాను. మార్చిలో మట్టి మార్చి, మా ఊరి పీచు మిల్లు నుంచి తెచ్చిన పొట్టు సగానికి సగం కలిపాను. దానివల్ల ఏమైనా అయ్యుంటుందా?

పీచుమిల్లు, అంబాజీపేట

అయ్యుంటుంది కాదు చెల్లెమ్మా, సగం కారణం అదే. కోకోపీట్ అని ప్యాకెట్లలో అమ్మేది మా మిల్లుల్లో పీచు తీశాక మిగిలే పొట్టే. కొబ్బరి డొక్కలోనే సోడియం, పొటాషియం ఉప్పులుంటాయి. ఉప్పునీళ్ళలో నానేసిన డొక్కయితే మరీ ఎక్కువ. మిల్లు దగ్గర కుప్ప పోసింది కడిగింది కాదు. నాలుగైదు వానలకి తడిసి నల్లబడిన పాత కుప్ప అడుగున దొరికితే అది నయం.

పొట్టుని గోనెసంచిలో పోసి మంచినీళ్ళ బకెట్లో ముంచి పిండండి. మొదట టీ డికాక్షన్‌లా నీళ్ళు దిగుతాయి. నీళ్ళు మార్చి మళ్ళీ. డికాక్షన్ రంగు తేలిపోయేదాకా మూడు నాలుగుసార్లు చేయాలి. బోరు నీళ్ళతో మాత్రం కడగొద్దు, చేసిన పనంతా వృథా. ఎగుమతి చేసేవాళ్ళు కాల్షియం నైట్రేట్ నీళ్ళలో కూడా నానబెడతారు గానీ ఇంటి తొట్టెకి అంత అవసరం లేదు. కడిగిన పొట్టు రెండు పాళ్ళు, వర్మీకంపోస్టు ఒక పాలు, కాల్చిన ఊక ఒక పాలు కలపండి. వేళ్ళు లోతుకి పోవు కాబట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టె చూసుకోండి. అడుగున కన్నం తప్పనిసరి.

జున్నువాళ్ళమ్మ

అందరికీ చెబుదామని మళ్ళీ వచ్చానండి. మీరు చెప్పాక దాదాపు రెండు నెలలైంది.

మట్టంతా తీసేసి వేళ్ళు టిన్ను నీళ్ళలో మెల్లగా కడిగాను. కొన్ని గోధుమరంగులో మెత్తబడి చేతికే ఊడొచ్చాయి, అవి కత్తిరించేశాను. పొట్టు కడిగే పని నాన్నగారు తీసుకున్నారు. నాలుగోసారి పిండినప్పుడు నీళ్ళు తేటగా దిగాయని పిలిచి చూపించారు. గుళికల సంచి పెరటి పాకలో అటక మీదకెక్కించి తాడుతో కట్టేశారు. నేను అడగలేదు, ఆయనే చేశారు. మొదటి వాన పడ్డ రోజు మేడ కడిగిన నీళ్ళు వదిలేసి, రెండో వాన నుంచి పెద్ద డ్రమ్ములో పడుతున్నాం.

మూడు వారాల దాకా ఏ మార్పూ లేదు. ఇంక పోయినట్టే అనుకున్నాను. ఆ తర్వాత కాడ పక్కనుంచి పెన్సిలంత చుట్ట ఒకటి వచ్చింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. నాలుగో రోజుకి పూర్తిగా విప్పుకుంది. కొసదాకా పచ్చగా, ఎర్ర ఈనెలు అప్పుడే కుంచెతో గీసినట్టు తడిగా మెరుస్తున్నాయి. ఆ సాయంత్రం పాతాకుల కన్నా ముందు ఆ చిన్నదే లేచింది. అమ్మ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది.

ఈగలు లేవు. జున్నుకి గోధుమగడ్డి పళ్ళెం కిటికీ కిందే పెట్టాను. కొత్తాకుని ఒకసారి వాసన చూసి వదిలేసింది.

ఇంకో ప్రశ్న. పొడవుగా సాగిన కొమ్మని కణుపు కింద కోసి వాననీళ్ళ గ్లాసులో వేశాను. మూడు తెల్ల వేళ్ళు వచ్చాయి, అంగుళం లోపే ఉన్నాయి. మట్టిలోకి ఎప్పుడు మార్చమంటారు? మా అక్క వాళ్ళింట్లో కుక్కపిల్ల ఉంది, వాళ్ళకిద్దామని.

పులంక అంటుమొక్క, కడియపులంక

రెండంగుళాలు రానివ్వండమ్మా, వేళ్ళకి పక్క పిలకలు కూడా వేయనివ్వండి. అప్పుడు ఆ కడిగిన పొట్టు మిశ్రమంలోనే చిన్న తొట్టెలో పెట్టి, వారం పది రోజులు ఎండ తగలనిచోట ఉంచి ఇవ్వండి. అక్కగారి ఊరు ఎక్కడో, అక్కడ ఏ నీళ్ళో ముందే కనుక్కోండి.