ఎండ తడి తీస్తాది, ఆవం పదు…

నెల్లిమర్ల అమ్మాయి:
మా అమ్మమ్మ మాట ఒకటి నాలుగు రోజులుగా బుర్ర తినేస్తోంది. వేసవి సెలవుల్లో, కొత్త కుండ ఇంటికొచ్చిన రోజున విన్నానని గుర్తు. "ఎండ తడి తీస్తాది, ఆవం పదు…" దగ్గర ఆగిపోతోంది. ఆవం అంటే కుండలు కాల్చే బట్టీ కదా. "పదును తీస్తాది"యా, "పదునిస్తాది"యా? ఎవరైనా విన్నారా?

వంశధార ఒడ్డు:
తీస్తాదే. రెండు ముక్కలూ ఒకే క్రియతో ముగిస్తేనే సామెతకి తూకం. పదును అంటే మనవైపు నేలలో ఉండే తడే కదా. "పదునుంది, నాగలి కట్టొచ్చు" అంటాం.

పాత మాస్టారు:
తడీ పదునూ ఒకటే అయితే పెద్దావిడ ఒకే మాట రెండుసార్లు ఎందుకంటుంది బాబూ? కత్తికి పదును కొలిమి ఇస్తుంది, కుండకి ఆవం ఇస్తుంది. ఇస్తాదే.

వంశధార ఒడ్డు:
కుండతో కూరలు తరుగుతామా మాస్టారూ?

ల్యాబ్ కోటు:
కెమిస్ట్రీ చెప్పుకుని బతికినవాణ్ణి, ఒక మాట. మట్టిలో నీరంతా ఒక్క చోట ఉండదు. రేణువుల మధ్య ఉన్నది ఎండకే పోతుంది, కుండ కాస్త కుంచించుకుంటుంది. నల్లరేగడిలోని మట్టి ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్‌కి పొరల మధ్య కూడా నీరుంటుంది. 100, 200 డిగ్రీల మధ్య అదీ పోతుంది, వాన పడితే మళ్ళీ వచ్చి చేరుతుంది. ఎండాకాలం నెర్రెలు, వానాకాలం ఉబ్బు, అదంతా దీని పనే. కేయోలినైట్ అనే ఇంకో మట్టి ఖనిజం సంగతి వేరు. దాని బరువులో దాదాపు 14 శాతం నీరే, కానీ నీరులా ఉండదు, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జత) రూపంలో స్ఫటికంలో బిగిసి ఉంటుంది. రోహిణి ఎండ దాన్ని ముట్టుకోనైనా లేదు. 450 నుంచి 600 డిగ్రీల సెగ తగిలితే గానీ ఊడిరాదు. ఊడొచ్చాక ఆ మట్టిని ఎంత నానబెట్టినా మళ్ళీ ముద్ద కాదు. ఎండ తీసేది తిరిగొచ్చే తడి, ఆవం తీసేది తిరిగిరాని తడి. నా ఓటు "తీస్తాది"కి.

పాతపెంకు:
తిరిగిరానిది అనకండి సార్. కాల్చిన మట్టి గాలిలో తేమని ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా లాక్కుని బరువెక్కుతుంది. ఆ పెరిగిన బరువుని బట్టి పెంకు వయసు కట్టే పద్ధతి ఒకటి 2009 నుంచీ చర్చలో ఉంది. మన శ్రీకాకుళం వైపు పాత బౌద్ధక్షేత్రం సాలిహుండంలోని పెంకులు కూడా ఇప్పటికి ఎంత తాగాయో!

ల్యాబ్ కోటు:
తాగనీండి. ముద్దయితే అవ్వవు కదా.

సారె ఇల్లు:
మా ఇంట్లో కుమ్మరి సారె తిరిగేది కాబట్టి చెప్తున్నాను. నాన్న చెరువు మట్టిలో ఇసక, బూడిద కలిపి తొక్కేవాడు. సారె మీంచి దించిన కుండని కాస్త ఆరనిచ్చి బొటనవేలితో నొక్కేవాడు. వేలు దిగితే ఇంకా మెత్తన. గోటి గీత మాత్రం పడితే పదునుకొచ్చినట్టు. అప్పుడు లోపల రాయి ఆన్చి, బయట చెక్కతో కొట్టి అడుగు మూసేవాడు. గీత కూడా పడకపోతే పదును పోయినట్టే, కొడితే బీట. అంటే ఆవం ఎక్కేనాటికి కుండలో పదునే లేదు. లేనిదాన్ని ఆవం ఏం తీస్తుందండీ? ఇంకోటి, ఎంత ఎండి గలగలలాడినా కాల్చేదాకా అది పచ్చికుండే. "ఆవం పచ్చి తీస్తాది" అనుంటారు ఆవిడ.

ల్యాబ్ కోటు:
"పచ్చి"! నా 14 శాతానికి తెలుగు మాట దొరికింది.

పాత మాస్టారు:
పాపకి "పదు" దాకా గుర్తుంటే మీరు "పచ్చి" తెస్తారేమిటి? సారె ఇంటివారు చెప్పినదాంట్లో అసలు సంగతి వేరే ఉంది. పదును అంటే తడీ కాదు, వాడీ కాదు, పనికి సరిగ్గా తగిన స్థితి. తమిళంలో "పదం" కూడా ఆ అర్థంలోనే వాడతారు. నేలకి పదును, ఇనుముకి పదును, కుండకి పదును. కాబట్టి ఇస్తాదే.

వంశధార ఒడ్డు:
అసలు "ఆవం" ఎవరంటారు? మా ఊళ్ళో "ఆము". "ఆమ" అంటే సంస్కృతంలో పచ్చిది, పచ్చికుండలు పేర్చే చోటు కాబట్టి ఆము.

పాత మాస్టారు:
అది "ఆపాకం" నుంచి వచ్చిందయ్యా. హిందీలో ఆవా కూడా అక్కణ్ణుంచే.

పాతపెంకు:
మట్టి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మన గురజాడ దేశం గురించి చెప్తూ "మట్టి" అన్నారు, "మన్ను" అనలేదు. ఛందస్సు అడ్డమేమీ కాదు, రెండూ మూడు మాత్రలే. మరి ఎందుకు?

పాత మాస్టారు:
"మన్ను" అంటే నోట్లో మన్ను గుర్తొస్తుంది. విజయనగరం సందుల్లో తిరిగిన చెవి అది. నా దృష్టిలో ఆ ఒక్క మాట కోసం ఒక వ్యాసం రాయొచ్చు.

వంశధార ఒడ్డు:
రాయకండి, చదవలేం.

నెల్లిమర్ల అమ్మాయి:
ఇప్పుడే మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. పడీ పడీ నవ్వింది. "ఆవం ఏటే? ఆవ! మాగాయి ముక్కలు ఎండేసినప్పుడు అనేది మీ అమ్మమ్మ. ఎండ తడి తీస్తాది, ఆవ పదునిస్తాది." కుండ కూడా ఊరగాయకే తెచ్చారట.

పాత మాస్టారు:
ఏదైతేనేం, ఇస్తాదే కదా!

వంశధార ఒడ్డు:
మాగాయిలో ఆవ వేస్తారా? మా ఇంట్లో మెంతిపిండే. మీ పెద్దమ్మగారు ఏ ఊరు?