అప్‌డేట్: గ్లవ్ వెలుగు వణుకు ఆగింది, భావం పలుకుతోంది

ముందు అడిగింది ఇదీ: వేళ్ల వంపుని కొలిచే ఐదు ఫ్లెక్స్ సెన్సర్లు కుట్టిన గ్లవ్, దాన్ని చదివే ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్), రంగులు మార్చే 60 ఎల్‌ఈడీల డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్. చేయి పతాకం ముద్ర (చాచిన అరచేయి) నుంచి ముష్టికి (పిడికిలి) మారుతుంటే వెలుగు మెల్లగా ముడుచుకోవాలి. కానీ వెలుగు వణికేది, వైఫై ఆన్ చేస్తే రెండు వేళ్ల రీడింగ్ ఆగిపోయేది.

వైఫై సంగతి తేలికగానే తేలింది. ఆ రెండు వేళ్ల సెన్సర్ తీగలు బోర్డు మీది జీపీఐఓ 25, 26 పిన్నుల్లో ఉన్నాయి. అవి ఏడీసీ2 (సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే రెండో భాగం) పిన్నులు, వైఫై నడుస్తుంటే అనలాగ్ రీడింగ్‌కి పనికిరావు. ఐదింటినీ వైఫైతో ఇబ్బంది లేని ఏడీసీ1 పిన్నులు 32, 33, 34, 35, 36కి మార్చాలి.

వణుకుకి అసలు కారణం కరెంటు. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ దాదాపు 60 మిల్లీఆంపులు, మొత్తం 3.6 ఆంపులు లాగుతుంది. బోర్డు మీది 5 వోల్టుల పిన్ను దీన్ని మోయలేదు. విడిగా 5 వోల్టుల, 5 ఆంపుల సప్లై పెట్టి దాని గ్రౌండ్‌ని బోర్డు గ్రౌండ్‌తో కలపాలి, స్ట్రిప్ మొదట్లో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయాలి. మిగిలిన వణుకుకి కోడ్‌లో సెన్సర్ పాత విలువ 85 శాతం, కొత్తది 15 శాతం కలిపితే చాలు.

భావం మాత్రం వంపులో లేదు, వేగంలో ఉంది! పిడికిలి ఠక్కున బిగిస్తే 80 మిల్లీసెకన్లలో ఎరుపు, మెల్లగా విప్పితే 1500 మిల్లీసెకన్లలో నీలంలోకి జారడం. ఈ తేడా పెట్టాకే కోపం కోపంలా, ఊరట ఊరటలా కనిపిస్తోంది.

సెన్సర్‌ని రెండు చివర్లా బిగించి కుట్టొద్దు. పిన్నుల వైపు గట్టిగా, వేలికొన వైపు జారేలా వదులుగా ఉండాలి. లేకపోతే పిన్నుల దగ్గరే విరుగుతుంది.